కౌంటీలో ఉద్యోగాలు నిజంగా మారాయా, లెక్కలో మారాయా?

చర్చాంశం: అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆర్థికంగా ఎటు పోతోందో తెలియాలంటే పరిశ్రమల వారీగా ఉద్యోగాల సంఖ్య చూస్తే చాలా? వాది చాలంటారు. ప్రతివాది ఒప్పుకోరు.

వాది: చాలండీ. క్యూసీఈడబ్ల్యూ అని కేంద్ర కార్మిక గణాంకాల సంస్థ మూడు నెలలకోసారి ఇచ్చే లెక్క ఉంది. ఇది నమూనా సర్వే కాదు. నిరుద్యోగ బీమా కిందికొచ్చే ప్రతి యజమానీ తన పేరోల్‌లో ఎంతమంది ఉన్నారో, ఎంత జీతం ఇచ్చాడో రాష్ట్రానికి చెప్పి తీరాలి. దేశంలోని ఉద్యోగాల్లో 95 శాతానికి పైగా అందులోకి వస్తాయి. కౌంటీ స్థాయిలో ఇంతకంటే గట్టి ఆధారం చూపించండి.

ప్రతివాది: ఆధారం గట్టిదే, కాదనను. కానీ స్వయం ఉపాధి అందులో లేదు, రైల్వే ఉద్యోగులు లేరు, చిన్న పొలాల్లో పనిచేసేవాళ్లు చాలామంది లేరు. వ్యవసాయ కౌంటీకి అది చిన్న లోటేం కాదు. పైగా అది ఉద్యోగాల లెక్క, మనుషుల లెక్క కాదు. నెలలో 12వ తేదీ ఏ జీతపు కాలంలో పడుతుందో అప్పుడు పేరోల్‌లో ఉన్నవాళ్లను లెక్కపెడతారు. ఒకే మనిషి పగలు ఒకచోట, రాత్రి ఇంకోచోట చేస్తే రెండు.

వాది: ఆ లోట్లు ఏటా ఉండేవేగా! మార్పు చూసేటప్పుడు రెండువైపులా కొట్టుకుపోతాయి.

ప్రతివాది: అక్కడే దెబ్బతింటారు. ఒక ఫ్యాక్టరీ 300 మందిని తీసేసి, అదే అసెంబ్లీ లైన్ మీదికి లేబర్ ఏజెన్సీ ద్వారా 300 మందిని తెచ్చుకుందనుకోండి. ఈ పట్టికలో ప్రతి పరిశ్రమకూ ఒక అంకెల కోడ్ ఉంటుంది. జీతమిచ్చేది ఏజెన్సీ కాబట్టి వాళ్లు 561320 కోడ్‌లో, అంటే తాత్కాలిక సిబ్బంది సేవల్లో తేలతారు. పట్టికలో తయారీ 300 తగ్గింది, సేవలు 300 పెరిగాయి. ఫ్యాక్టరీలో ఒక్క మిషనూ ఆగలేదు. ఇంకోటి చెప్తాను. కౌంటీ ప్రభుత్వ ఆసుపత్రిని ప్రైవేటు సంస్థ కొంటే, నర్సులు మర్నాడు అదే వార్డుకు వెళ్తారు, కానీ యాజమాన్య కోడ్ 3 (స్థానిక ప్రభుత్వం) నుంచి 5కి (ప్రైవేటు) మారుతుంది. చూసేవాళ్లు ‘స్థానిక ప్రభుత్వంలో ఉద్యోగాలు కుప్పకూలాయి, ప్రైవేటు వైద్యం పరుగులు తీస్తోంది’ అని రాసేస్తారు.

వాది: వీటిని పట్టుకోవడం కష్టమేం కాదు. పరిశ్రమ కోడ్‌ల దిద్దుబాట్లు మామూలుగా మొదటి త్రైమాసికంలో చేరుస్తారు. డిసెంబరు నుంచి జనవరికి ఒక కోడ్‌లో పడిపోయినంతా పక్క కోడ్‌లో లేచిందంటే అనుమానించాలి. పక్కన సంస్థల సంఖ్య కూడా చూడాలి. 2022లో కోడ్‌ల జాబితాను సవరించినప్పుడు ఆన్‌లైన్ అమ్మకాలకు విడిగా ఉన్న కోడ్ ఎత్తేసి, అమ్మే సరుకును బట్టి దుకాణాలతో కలిపేశారు. అందుకే రిటైల్‌లో లోపలి విభాగాలను 2021తో పోల్చకూడదు, మొత్తం రిటైల్‌ను పోల్చుకోవచ్చు. తెలిసి చదివితే పట్టిక మోసం చేయదు.

ప్రతివాది: సరే, తయారీలో నిజంగానే తగ్గాయనుకుందాం. తప్పు కౌంటీదా, దేశానిదా?

వాది: దానికి షిఫ్ట్-షేర్ ఉందిగా, ఉద్యోగాల మార్పును దేశం వల్ల ఎంత, రంగం వల్ల ఎంత, కౌంటీ వల్ల ఎంత అని విడగొట్టే లెక్క. లెక్క కోసం ఒక ఊహా కౌంటీ తీసుకోండి. తయారీలో 10,000 ఉద్యోగాలు 8,800 అయ్యాయి. అదే కాలంలో దేశంలో మొత్తం ఉద్యోగాలు 6 శాతం పెరిగాయి, తయారీ మాత్రం 5 శాతం తగ్గింది. దేశం ఊపుతో రావాల్సినవి 600. తయారీ దేశ సగటుకు 11 శాతం వెనకబడింది కాబట్టి ఆ రంగం వల్ల పోయినవి 1,100. మిగిలిన 700 కౌంటీ సొంత నష్టం. మూడూ కలిపితే సరిగ్గా 1,200 తగ్గుదల.

ప్రతివాది: ఆ 700 కారణం కాదండీ, మిగులు. మిగతా రెండింటితో తేలనిదంతా అందులో పడేశారు. ‘తయారీ’ అనే పెద్ద గంప బదులు లోపలి విభాగాలు తీసుకుంటే ఆ అంకె మారిపోతుంది. బొగ్గు, బట్టలు, ఫర్నిచర్ లాంటి ఒకే రకం పరిశ్రమ మీద బతికే చోట్ల మరీను.

వాది: ఒకే రకం పరిశ్రమ అంటే ఇండియానాలోని ఎల్కార్ట్ కౌంటీ చూడండి. ఆర్వీలు, అంటే ఇల్లులా వాడుకునే వాహనాలు, తయారుచేసే చోటు. 2009 మార్చిలో నిరుద్యోగం 20 శాతం దరిదాపులకు వెళ్లింది. పదేళ్లలోపే 3 శాతం కిందికి దిగింది. తగ్గిందీ, పెరిగిందీ ఒకే పరిశ్రమ. పరిశ్రమల పట్టిక చూడకుండా ఈ కథ అర్థమవుతుందా?

ప్రతివాది: మీరు చెప్పిన నిరుద్యోగ శాతం ఆ పట్టికలోది కాదు. అది మనిషి ఎక్కడ కాపురం ఉంటే అక్కడి లెక్క, ఉద్యోగాలేమో ఫ్యాక్టరీ ఎక్కడుంటే అక్కడివి. పక్క కౌంటీ నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు ఒకదాంట్లో ఉంటారు, రెండోదాంట్లో ఉండరు. రెంటినీ కలిపి ఒకే వాక్యంలో రాయడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటే.

వాది: జీతాలు కూడా చూస్తాం. సగటు వారం జీతం అదే ఫైల్‌లో ఉంటుంది.

ప్రతివాది: 2020 ఏప్రిల్-జూన్ చూశారా? హోటళ్లలో తక్కువ జీతాల వాళ్లు ఇంటికి పోయారు, మిగిలినవాళ్ల సగటు పైకి లేచింది. ఎవరికీ జీతం పెరగక్కర్లేకుండానే సగటు పెరుగుతుంది.

వాది: అయితే ఉద్యోగాల సంఖ్య, జీతాల మొత్తం పక్కపక్కన పెట్టి చదువుతాం. అంతేగానీ పట్టికే వద్దంటే కౌంటీ బోర్డు దేన్ని చూసి శిక్షణకు డబ్బు కేటాయిస్తుంది?

ప్రతివాది: పట్టిక వద్దనలేదు, ఒంటరిగా వద్దన్నాను. ఎవరు ఎక్కణ్నుంచి ఎక్కడికి పనికి వెళ్తున్నారో సెన్సస్ బ్యూరో ఇచ్చే ‘ఆన్‌ద‌మ్యాప్’ పక్కన పెట్టుకోండి. ఇంకో జాగ్రత్త. రెండు మూడు సంస్థలే ఉన్న పరిశ్రమలో వాళ్ల గుట్టు బయటపడకుండా అంకె దాచేస్తారు. ఫైల్‌లో ఆ వరుసకు ‘ఎన్’ అనే గుర్తు, ఉద్యోగాల గడిలో సున్నా ఉంటాయి. ఆ గుర్తు చూడకుండా కూడితే కౌంటీలో అతిపెద్ద ఫ్యాక్టరీయే మాయమవుతుంది. మొత్తంలోంచి మిగతావి తీసేసి రాబడదామంటే అదీ కుదరదు, అందుకే పక్కనున్న ఇంకో అంకెనూ దాస్తారు.

వాది: అప్పుడు ఒక మెట్టు పైకెళ్లి, రెండంకెల కోడ్ దగ్గర, అంటే పెద్ద రంగాల స్థాయిలో చదువుతాం. వివరం తగ్గుతుంది, అబద్ధం మాత్రం ఉండదు.

ప్రతివాది: ఆ మెట్టు మీద లేబర్ ఏజెన్సీలు, సెక్యూరిటీ గార్డులు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు అందరూ 56లో ఒకే కుప్ప. ఫ్యాక్టరీ లైన్ మీద ఉన్న మన 300 మందిని అందులోంచి ఎలా వేరు చేస్తారు?