మేజిస్ట్రేట్లను పెంచితే సగం పనే, సమన్లు కూడా అందాలి

ఏ మేజిస్ట్రేట్ కోర్టుకైనా పొద్దున పదిన్నరకు వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోండి. అటెండర్ పేర్లు పిలుస్తుంటాడు. మధ్యలో పోలీసులు రిమాండ్‌కు మనిషిని తెస్తారు, ఆ పని ఆగడానికి వీల్లేదు. తర్వాత బెయిల్ పిటిషన్లు, సాక్షులు. ఆ గుంపులోనే బౌన్సయిన చెక్కు, బ్యాంకు మెమో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒక ఎరువుల షాపాయన నిలబడి ఉంటాడు. ఆయన వంతు అర నిమిషం. చెక్కిచ్చినవాడికి సమన్లు, అంటే కోర్టుకు రమ్మనే ఉత్తర్వు, అందలేదంటారు. వాయిదా తేదీ రాసుకుని బస్సెక్కుతాడు.

రిమాండ్లు, బెయిళ్ల పనీ, చెక్ బౌన్స్ కేసుల పనీ ఒకే మేజిస్ట్రేట్ నెత్తిన వేయడం తప్పు. 2019 చివరికి దేశంలో పెండింగ్‌లో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు చెక్ బౌన్స్ కేసులేనని సుప్రీంకోర్టే చెప్పింది. వీటిని ఆరు నెలల్లో తేల్చేలా చూడాలని చట్టంలో ఉంది!

దారీ చట్టంలోనే ఉంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 11వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం కోరితే హైకోర్టు ప్రభుత్వోద్యోగులకు, రిటైరైనవాళ్లకు స్పెషల్ మేజిస్ట్రేట్ అధికారాలు ఇవ్వచ్చు. చెక్ కేసుల కోసం ఐదు రాష్ట్రాల్లో రిటైర్డ్ జడ్జీలతో ప్రత్యేక కోర్టులు పెట్టమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది అన్ని జిల్లాలకూ రావాలి. కాకపోతే ఒక్కసారికి ఏడాదికి మించి నియమించకూడదన్న నిబంధన మార్చాలి. ఏటా పొడిగింపు కోసం ఎదురుచూసే మనిషి చేతిలో తీర్పులు పెట్టకూడదు.

అయితే కుర్చీలు పెంచినంత మాత్రాన కేసు కదలదు. హైదరాబాద్ ఎర్రమంజిల్ స్పెషల్ మేజిస్ట్రేట్ కోర్టు 2016 ఏప్రిల్‌లో జీఎంఆర్ విమానాశ్రయ సంస్థ వేసిన చెక్ కేసులో విజయ్ మాల్యాను దోషిగా తేల్చింది. శిక్ష ఖరారు చేద్దామంటే మనిషి లేడు, అప్పటికే దేశం దాటిపోయాడు. మళ్లీ వాయిదాలే. పెద్దవాడు విమానమెక్కాడు, మన ఊళ్లో చెక్కిచ్చినవాడు ఇల్లు మారుస్తాడు. ఫలితం ఒకటే.

సమన్లు అందించాల్సిన స్టేషన్ కానిస్టేబుళ్లకు బందోబస్తుకే టైమ్ చాలదు, చెక్ కేసు సమన్లు ఫైల్లోనే ఉండిపోతాయి. ఫిర్యాదుదారే స్వయంగా అందించేలా, ఈమెయిల్, వాట్సాప్‌లోనూ పంపేలా 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త కోర్టు పెట్టిన ప్రతిచోటా ఈ పని చూసే సిబ్బందిని మొదటి రోజే ఇవ్వాలి. అప్పుడే ఆ షాపాయన ఎదురుగా అవతలి మనిషి నిలబడతాడు.