హోంవర్క్ ఇంటికి పంపితే చాలదు, చెప్పే మనిషీ కావాలి

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా కర్నూలు జిల్లాను అడుగు వరసలో వెతుక్కోవడం మనకు అలవాటైంది. 2024లో రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం మంది పాసైతే కర్నూలులో పాసైంది 62.47 శాతమే. అన్ని జిల్లాల్లోకీ ఆఖరు. ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. సమీక్షలు, హెడ్‌మాస్టర్లకు నోటీసులు, వంద రోజుల ప్రణాళిక, కట్టలకొద్దీ మోడల్ పేపర్లు. బడి గంట కొట్టాక ఆ పిల్లలకు లెక్కల్లో, ఇంగ్లీషులో సాయం చేసేవాళ్లు ఎవరన్న ప్రశ్న మాత్రం ఏ సమీక్షలోనూ రాదు. నేను చూసినంతలో అసలు లోటు అక్కడే ఉంది. సాయంత్రం పక్కన కూర్చుని చెప్పే మనిషిని ఏర్పాటు చేయలేని బడికి, హోంవర్క్ చేయలేదని పిల్లాణ్ని నిలబెట్టే హక్కు లేదు.

ఒక లెక్క చూద్దాం. పదో తరగతి వర్గ సమీకరణాల పాఠంలో ఉంది. ఒక రైలు 480 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది. వేగం గంటకు 8 కిలోమీటర్లు తక్కువై ఉంటే, అదే దూరానికి 3 గంటలు ఎక్కువ పట్టేది. రైలు వేగమెంత? వేగాన్ని ఎక్స్ అనుకుని సమీకరణం దాకా వస్తే చాలు, కారణాంకాలు విడగొట్టడం మన పిల్లలకు వచ్చు. 40, మైనస్ 32 వస్తాయి. వేగం మైనస్ ఉండదు గనుక జవాబు 40. కానీ సమీకరణం దాకా వచ్చేదెట్లా? ఇంగ్లీషు పుస్తకంలో ఆ రెండో వాక్యం జరగని సంగతి చెబుతోంది. పిల్లాడు దాన్ని జరిగినట్టే చదువుకుంటాడు. రైలు నిజంగానే నెమ్మదిగా పోయిందనుకుంటాడు. అక్కడే పెన్ను ఆగిపోతుంది. ఇంతకీ ఆ పిల్లాడు ఆగింది లెక్క దగ్గరా, ఇంగ్లీషు దగ్గరా? లెక్కల సారును అడిగితే ఇంగ్లీషు వీక్ అంటారు. ఇంగ్లీషు మేడమ్ అది లెక్కల సంగతి కదా అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి పీరియడ్లకూ మధ్య పిల్లాడు పడిపోతున్నాడు, అంతే.

ఇప్పుడు ఫోన్ వస్తుంది. లెక్కను ఫొటో తీస్తే నిమిషంలో స్టెప్పులన్నీ తెరమీద ఉంటాయి. నోట్సులోకి దించుకుంటాడు. తెల్లారి టిక్కు పడుతుంది, సారుకూ తృప్తి, ఇంట్లోవాళ్లకూ తృప్తి. పరీక్షలో దూరం 360 ఇస్తారు. వేగం 5 కిలోమీటర్లు ఎక్కువై ఉంటే గంట తక్కువ పట్టేదంటారు. తక్కువ ఉన్నచోట ఎక్కువ, ఎక్కువ ఉన్నచోట తక్కువ. దించుకున్నవాడు పాత గుర్తులే వేసి వస్తాడు. తమాషా ఏమిటంటే ఈ లెక్కకూ జవాబు 40యే! జవాబు కంఠతా ఉన్నా మార్కులు రాకపోవడమంటే ఇదే. ఫోన్లు ఊరూరా ఉన్నాయి, జవాబులకు కరువు లేదు. పిల్లాడి పెన్ను ఆగినచోట వేలు పెట్టి, "ఈ వాక్యం మళ్లీ చదువు నాయనా, రైలు నిజంగా నెమ్మదిగా పోయిందా?" అని అడిగేవాళ్లకే కరువు.

ఈ తేడా తెలియకే ప్రభుత్వాలు వస్తువులు పంచుతాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 వచ్చేసరికి ఆ కంపెనీయే దివాలా విచారణకు వెళ్లింది. కంపెనీ నిక్షేపంగా నడిచి ఉన్నా నా అభిప్రాయం మారేది కాదు. వీడియోకు ఎదురుగా ఉన్న పిల్లాడు ఎక్కడ ఆగాడో తెలియదు.

ఇంగ్లీషు హోంవర్క్ సంగతి ఇంకా అన్యాయం. గైడులోంచి ప్రశ్నలూ జవాబులూ ఎక్కించుకురావడమే హోంవర్కయింది. వారానికి పది వాక్యాలు సొంతంగా రాసి, ఎవరైనా తప్పులు దిద్ది, ఎందుకు తప్పో చెబితే ఏడాదిలో పిల్లాడి చేయి తిరుగుతుంది. నాలుగైదు సెక్షన్లు చూసే టీచర్‌కు అన్ని నోట్సులు దిద్దే తీరిక ఎక్కడిది?

డబ్బున్నవాళ్లకు ఈ చిక్కు ఎప్పుడో తీరిపోయింది. కార్పొరేట్ బడిలో స్టడీ అవర్ ఉంటుంది, డౌట్లు తీర్చేవాళ్లుంటారు, హోంవర్క్ గేటు దాటి ఇంటికి రాదు. ప్రభుత్వానికీ ఈ కిటుకు తెలియనిది కాదు. హిందూపురం పక్కన కొడిగెనహళ్లి గురుకులం 1970ల నుంచీ పేరు మోసిందంటే, పొద్దు వాలాక కూడా పిల్లలకు సార్లు అందుబాటులో ఉండటం అందులో పెద్ద కారణం. ఊరి హైస్కూలు పిల్లలకు అది లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు పోతే పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. సీజనల్ హాస్టళ్లు ఉన్నచోట కూడు, నీడ దొరుకుతాయి. లేనిచోట తమ్ముళ్లకు అన్నం వండిపెట్టి పుస్తకం తెరిచే తొమ్మిదో తరగతి ఆడపిల్లకు, ఇంగ్లీషు మీడియం లెక్క ముందు ఆ అవ్వ ఏం సాయం చేయగలదు? అనంతపురం, కడప టౌన్లలోనైతే సందుకో ట్యూషన్ ఉంది. మిద్దె మీద ఒక గది, ఉద్యోగం దొరకని బీటెక్ కుర్రాడు, చాప మీద కిక్కిరిసిన పిల్లలు. అతణ్ని తప్పు పట్టను, ఆ గదే లేకపోతే చాలామందికి దిక్కుండేది కాదు. కాకపోతే నెలనెలా ఫీజు కట్టగలిగినవాళ్లకే ఆ మిద్దె మెట్లు.

మా కాలంలో ట్యూషన్లు ఉన్నాయా, మేం చదువుకోలేదా అంటారు పెద్దవాళ్లు. చదువుకున్నారు, తెలుగు పుస్తకాలతో. ఇంట్లో కాస్త చదివిన అన్నో, వీధిలో రిటైరైన అయ్యవారో ఆ పుస్తకం చూసి చెప్పగలిగేవారు. టీచర్ల మీద ఇప్పటికే భారం ఎక్కువైందనే మాటా ఉంది, అది నిజమే. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికే వాళ్ల పొద్దు గడిచిపోతోంది. అందుకే సాయంత్రం పని వాళ్లకు పెట్టమనను. వాళ్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఎలాగూ నిషేధించింది.

మరి మనుషులెక్కడ? మన డిగ్రీ కాలేజీల్లోనే ఉన్నారు. డిగ్రీ పిల్లలందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి. ఒక్కొక్కరికి 180 గంటలు. ఆచరణలో చాలాచోట్ల అది ఏమవుతోందో ఏ లెక్చరర్‌ని అడిగినా నవ్వుతారు. నాలుగు సర్వే ఫారాలు, రెండు ఫొటోలు, బైండింగ్ చేయించిన ఒక రిపోర్టు. అవే గంటల్ని రోజుకొకటి చొప్పున విడగొడితే 180 సాయంత్రాలు. ఇంచుమించు బడి ఏడాదంతా వస్తుంది. ఎండాకాలం సెలవుల్లో మొక్కుబడిగా ముగించే బదులు జూలై నుంచి పరీక్షల దాకా సాగదీయండి. ఆదోని ఆర్ట్స్ కాలేజీకి పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే మేథ్స్ విద్యార్థి, తన ఊళ్లో తన వీధి పిల్లలకే చెబుతాడు. "ఇది ఎట్ల చేయల్ల?" అని వాళ్ల మాటల్లోనే అడిగితే వాళ్ల మాటల్లోనే చెప్పగలడు. ఇది ఊహల్లోంచి వచ్చింది కాదు. అనంతపురం జిల్లా పల్లెల్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఏళ్ల తరబడి పొద్దున, సాయంత్రం అనుబంధ బడులు నడిపింది. ఊరివాళ్లనే టీచర్లుగా పెట్టింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేసి చూపిన పనిని ప్రభుత్వం తన కాలేజీలతో చేయలేకపోతే, చేతకాక అనుకోను. మనసు లేక అనుకుంటాను.

ఇక చోటు. నాకు ఎప్పటి నుంచో ఉన్న దుగ్ధ ఇక్కడ చెప్పుకోవాలి. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. 1960 నాటి చట్టం ప్రకారం వసూలయ్యే డబ్బు అది. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలైతే చేస్తాయి గానీ, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయడంలో ఏళ్లకేళ్లు బాకీ పడుతుంటాయి. శాఖా గ్రంథాలయాలు మాత్రం పత్రికలు చదివే నలుగురు పెద్దమనుషులతో కునుకు తీస్తుంటాయి, చీకటి పడితే తాళం. పిల్లలకు లైటు, ఫ్యాను, బల్ల ఉన్న చోటు కావాల్సిన వేళకే ఆ తాళం పడుతుంది. వేసవి శిబిరాలు నడిపే గ్రంథాలయానికి సాయంత్రం రెండు గంటలు పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం కొత్త విద్యేమీ కాదు.

ఆ మాటకొస్తే కడపకు ఈ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కలెక్టరాఫీసు కొలువుకు 1820లో ఆ ఊరికి వచ్చిన బ్రౌన్ దొర, తన బంగళాలో పండితుల్ని జీతమిచ్చి పెట్టుకుని తెలుగు గ్రంథాల పని చేశాడు. డబ్బూ, పుస్తకాలూ, హోదా ఉన్న మనిషికే తెలియని భాషలో పక్కన తెలిసినవాళ్లు అవసరమయ్యారు. ఆయన ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది, దాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయం చూసుకుంటోంది. అంటే భవనమూ, విద్యార్థులూ ఒకే సంస్థ చేతిలో ఉన్నారు. వచ్చే జూన్‌లో ఆ ఒక్కచోట సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా తలుపులు తెరిచి, మేథ్స్ విద్యార్థులు ఇద్దరు, ఇంగ్లీషు విద్యార్థులు ఇద్దరు కూర్చోవాలని వైస్ చాన్సలర్ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. దానికి కేబినెట్ ఆమోదం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.