పల్పిట్ ఎక్కిన ఫార్వర్డు: ఆ ‘ఐదు సిగ్నల్స్’లో నిజమెంత?

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, ఇటు జడ్చర్ల, పాలమూరు... ఏ సంఘం వాట్సాప్ గ్రూపు తెరిచినా ఈ మధ్య ఒకటే పోస్టు. ‘సైన్స్ తలవంచిన ఐదు సిగ్నల్స్’ అని పైన పెద్దక్షరాలు, కింద ఒక్కో పాయింటుకు ఒక్కో బైబిలు వచనం. చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఒకటి, మునిగే ఓడలు పంపే ఎస్‌ఓఎస్ అంటే ‘మా ఆత్మలను రక్షించు’ అని, టైటానిక్ కెప్టెన్ చేసిన ప్రార్థనే ఆ సిగ్నల్ అయిందని. రెండు, నక్షత్రాలు పాడుతున్న పాటను శాస్త్రవేత్తలు రికార్డు చేశారని. మూడు, యెహోషువ కాలంలో ఆగిన సూర్యుడి లెక్క నాసా కంప్యూటర్లో దొరికిందని. నాలుగు, సైబీరియాలో బోరు వేస్తే నరకంలోంచి అరుపులు వినిపించాయని. ఐదు, ఆకాశం ఎర్రబారడం గురించి యేసు ప్రభువు చెప్పిన వాతావరణ రహస్యాన్ని సైన్సు రెండు వేల ఏళ్ల తర్వాత గాని కనుక్కోలేదని.

గ్రూపుల్లో తిరిగినన్నాళ్లు నేను పట్టించుకోలేదు. ఉజ్జీవ కూటాల్లో మైకులో వినబడడం మొదలయ్యాక ఊరుకోబుద్ధి కాలేదు. నేనూ విశ్వాసినే. సైన్సు కర్ర పట్టుకొని వాక్యాన్ని కొట్టే పని నాది కాదు. కానీ ప్రసంగంలో దృష్టాంతం చెప్పడం వేరు, సాక్ష్యం చెప్పడం వేరు. దృష్టాంతం అర్థం కావడానికి, సాక్ష్యం నమ్మడానికి. ఈ పోస్టు మొదటిదాన్ని చూపించి రెండోదాని ధర వసూలు చేస్తోంది. అందులోనూ సరుకు కల్తీ.

ఎస్‌ఓఎస్‌తో మొదలుపెడదాం. ఆ సిగ్నల్‌ను 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో టెలిగ్రాఫ్ సమావేశం ఒప్పుకుంది, 1908లో అమల్లోకి వచ్చింది. మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలు, మధ్యలో ఎడం లేకుండా. గాలివానలో, గరగరల మధ్య కూడా ఇట్టే గుర్తుపట్టొచ్చని ఆ వరసను ఎంచుకున్నారు. ‘మా ఆత్మలను రక్షించు’ అన్న అర్థం జనం తర్వాత తగిలించింది. టైటానిక్ మునిగింది 1912 ఏప్రిల్‌లో, అంటే సిగ్నల్ అప్పటికే వాడుకలో ఉంది. ఆ రాత్రి ఆపరేటర్లు మొదట పంపింది కూడా పాత పిలుపు సీక్యూడీనే, ఎస్‌ఓఎస్ ఆ తర్వాత కలిపారు.

నాకు బాధ ఎక్కడంటే, అసలు కథలో ఇంతకన్నా గట్టి దృష్టాంతం ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. టైటానిక్‌కు దగ్గర్లోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఆగి ఉంది. దాని రేడియో ఆపరేటర్ రోజంతా పనిచేసి, రాత్రి పదకొండున్నర దాటాక యంత్రం ఆపి పడుకున్నాడు. కొద్ది నిమిషాలకే, 11:40కి, టైటానిక్ మంచుకొండను గుద్దుకుంది. కాపాడమని వెళ్లిన పిలుపులన్నీ ఆ ఓడ మీదుగానే పోయాయి, వినే చెవి మాత్రం ఆగిపోయి ఉంది. పైనున్న సిబ్బంది ఆకాశంలో రాకెట్ల వెలుగు కూడా చూశారు. చూసి, ఆపరేటర్‌ను లేపలేదు. వచ్చింది కార్పేతియా అనే ఇంకో ఓడ. దాదాపు 58 మైళ్ల దూరం నుంచి. దాని ఆపరేటర్ ఆ వేళకు ఇంకా పడుకోకపోవడం వల్ల విన్నాడు. ఏడు వందల మందికి పైగా ఆ ఓడ ఎక్కి బతికారు. ‘మెలకువగా ఉండుడి’ అన్న వచనం మీద ప్రసంగించే అయ్యగారికి ఇది చాలదా? ఇందులో ఒక్క ముక్క కల్పించే పని లేదు.

రెండోది నక్షత్రాల పాట. దీన్ని 19వ కీర్తనకు జత చేశారు. ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా దానితోనే. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని రేడియో టెలిస్కోపు కాగితాలు చూసేది. పెన్ను గీసుకుంటూ పోయే కాగితం రోజుకు దాదాపు 30 మీటర్లు. అంత పొడవులో అర సెంటీమీటరు చోట ఏదో గజిబిజి గీత. పక్కవాళ్లెవరైనా దాటవేసేవాళ్లే. ఆమె వదల్లేదు. కాగితం వేగం పెంచి గీయిస్తే తేలింది: సుమారు 1.33 సెకనుకు ఒకసారి, గడియారం కొట్టినట్టు ఒక స్పందన. అది పల్సార్. వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం నుంచి వచ్చే రేడియో తరంగం. రేడియో తరంగం శబ్దం కాదు. మనం యూట్యూబ్‌లో వినే టకటక, ఆ తరంగాన్ని మనుషులు స్పీకర్‌కు ఎక్కిస్తే వచ్చింది. నాసా 2022లో విడుదల చేసిన ‘బ్లాక్‌హోల్ శబ్దం’ కూడా అలాంటిదే. పెర్సియస్ గెలాక్సీ గుంపులోని వాయువులో పీడన తరంగాలు ఉన్న మాట నిజం. అవి మన చెవికి అందనంత మంద్రంలో ఉంటాయి కాబట్టి యాభై ఏడు, యాభై ఎనిమిది ఆక్టేవులు (ఒక్కో ఆక్టేవుకు శ్రుతి రెట్టింపు) పైకి ఎత్తి వినిపించారు. అది పాట అని నాసా అనలేదు.

అసలు కీర్తన ఏమంటుందో చూడండి. ఆకాశములు దేవుని మహిమను వివరిస్తున్నాయని మొదటి వచనం. మూడో వచనానికి వచ్చేసరికి వాటికి మాటలు లేవు, భాష లేదు, వాటి స్వరం వినబడదు అంటుంది. కీర్తనకారుడు వినబడదని రాసినచోట మనం సౌండ్ బాక్స్ పెట్టి వినిపిస్తున్నాం!

జోసెలిన్ బెల్ గురించి ఇంకో మాట. ఆమె క్వేకర్ క్రైస్తవురాలు. ఆ సిగ్నల్ దొరికినప్పుడు బృందంలో సరదాగా దానికి ‘చిన్న పచ్చ మనుషులు’ అని పేరు పెట్టుకున్నారు, వేరే లోకంవాళ్లు పంపారేమోనని. కానీ లోకానికి చాటింపు వేయలేదు. ఆ డిసెంబరులో ఆమె ఆకాశంలో ఇంకో మూల అలాంటిదే రెండోది పట్టుకుంది. రెండు వేర్వేరు దిక్కుల నుంచి రెండు జాతుల పచ్చ మనుషులు ఒకేసారి మనల్ని పిలవరు కదా, ఇది ప్రకృతిలోనిదే అని తేల్చుకున్నారు. పరిశోధన పత్రం అచ్చైంది 1968 ఫిబ్రవరిలో. ఆ పరిశోధనకు 1974లో వచ్చిన నోబెల్ ఆమె గురువుకు దక్కింది, ఆమెకు దక్కలేదు. యూత్ మీటింగులో చెప్పాల్సిన విశ్వాసి కథ ఇదీ.

మూడోది, నాసా ‘తప్పిపోయిన రోజు’. అన్నిటికన్నా ఎక్కువ తిరిగేది ఇదే. కంప్యూటర్ శతాబ్దాల వెనక్కి లెక్కలు వేస్తూ ఒక రోజు తక్కువ వచ్చి ఆగిపోయిందట. 23 గంటల 20 నిమిషాలు యెహోషువ దగ్గర, మిగతా 40 నిమిషాలు హిజ్కియా రాజు కాలంలో నీడ వెనక్కి జరిగిన దగ్గర దొరికాయట. మా దగ్గర ఒక తమ్ముడు అన్నాడు, “అన్నా, నాసా చెప్పిందంటే అబద్ధమైతదా?” నాసా చెప్పలేదు తమ్మీ. నాసా పుట్టింది 1958లో. ఈ 23 గంటల 20 నిమిషాలు, 40 నిమిషాల లెక్క 1890లోనే చార్లెస్ టాటెన్ అనే అమెరికన్ రాసిపెట్టాడు. 1970 ప్రాంతంలో బాల్టిమోర్‌లో ఇంజన్ల కంపెనీ నడిపే హెరాల్డ్ హిల్ అనే పెద్దమనిషి చెప్పిన రూపంలో దానికి నాసా పేరు, కంప్యూటర్ వచ్చి చేరాయి. అలాంటిదేమీ జరగలేదని నాసా అప్పుడే చెప్పింది.

పేరు సంగతి అటుంచండి, అసలు అది కుదిరే పనేనా? నల్లగొండ స్టేషన్లో రైలు కనబడింది, దాని వేగం మీకు తెలుసు. బీబీనగర్‌లో ఎప్పుడు బయలుదేరి ఉంటుందో లెక్క కట్టగలరు. మధ్యలో రామన్నపేట దగ్గర గంటసేపు ఆగిందా అంటే ఆ లెక్క చెప్పదు. అక్కడ ఎవరైనా టైము రాసిపెట్టి ఉండాలి. గ్రహాల లెక్కా అంతే, ఇవాళ్టి స్థానం నుంచి వెనక్కి వెళ్తుంది. సరిచూసుకోవాలంటే ఆనాటి మనిషి చూసి రాసిన గ్రహణం కావాలి. బాబిలోను మట్టి పలకల మీద అలాంటి గ్రహణాల రాతలు నిజంగానే ఉన్నాయి. భూమి తిరిగే వేగం శతాబ్దాల మీద కొద్దికొద్దిగా తగ్గుతోందని వాటితోనే పట్టుకున్నారు. కానీ టైముతో సహా నమ్మదగ్గ ఆ రాతలు సుమారు క్రీ.పూ. 8వ శతాబ్దం దగ్గర మొదలవుతాయి. యెహోషువ అంతకు శతాబ్దాల ముందువాడు. అక్కడ సరిపోల్చడానికి ఏమీ లేదు. కాబట్టి ‘తక్కువ వచ్చింది’ అని ఏ యంత్రమూ అనలేదు. యెహోషువ పదో అధ్యాయాన్ని నమ్మేవాళ్లు నమ్మకంతోనే నమ్మండి. లేని రసీదు ఎందుకు?

నరకం బోరు గురించి ఎక్కువ చెప్పను. లోతుగా తవ్విన బోరు ఉన్నది సైబీరియాలో కాదు, రష్యా వాయవ్య మూలన కోలా ద్వీపకల్పంలో. 1970లో మొదలుపెట్టి 1989కి 12,262 మీటర్లు దిగారు. అక్కడి వేడి సుమారు 180 డిగ్రీలు. పోస్టులో ఉన్నది 1,100 డిగ్రీలు. రాగి 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది. మైకు తీగే మిగలదు, ఇక అరుపులు ఎట్లా పైకొచ్చాయి? నరకం గురించి ప్రభువు చెప్పినది చాలదన్నట్టు యూట్యూబ్ ఆడియో పెట్టి పిల్లల్ని ఏడిపించడం నాకైతే అస్సలు నచ్చదు.

ఐదోది మిగతా నాలుగింటిలా కట్టుకథ కాదు, వాక్యాన్ని సరిగ్గా చదవకపోవడం. మత్తయి 16లో ఆకాశం ఎర్రగా ఉండడం, లూకా 12లో పడమటి మబ్బు, దక్షిణపు గాలి. ఇవి ప్రభువు బయటపెట్టిన రహస్యాలా? కావు. ‘మీరు చెప్పుదురు’ అంటున్నాడు ఆయన. అంటే వింటున్నవాళ్లకు ముందే తెలిసిన సంగతులు. మబ్బును గుర్తుపట్టేవాళ్లు ఈ కాలాన్ని ఎందుకు గుర్తుపట్టరు అన్నది ఆయన ప్రశ్న. పోస్టు ఆ ప్రశ్నను వదిలేసి మబ్బును పట్టుకుంది.

పైగా ఆ గుర్తులు ఆ నేలవి. వాళ్లకు పడమట సముద్రం, అందుకే అటు మబ్బు లేస్తే వాన. దక్షిణాన ఎడారి, అందుకే అటు గాలి వీస్తే వడగాలి. మన పాలమూరులో ఏప్రిల్, మే వడగాడ్పులు ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తాయి. వానాకాలంలో మనకు పెద్ద వానలు తెచ్చే అల్పపీడనాలు చాలావరకు బంగాళాఖాతంలో పుట్టి పడమర దిక్కుగా కదులుతాయి. సాయంత్రం ఆకాశం ఎర్రబడితే మర్నాడు తెరిపి అన్న సూత్రం వాతావరణం పడమటి నుంచి తూర్పుకు కదిలే దేశాల్లో చెల్లుతుంది, ఇక్కడ నమ్ముకుంటే కల్లంలో వడ్లు తడుస్తాయి. ఆ వచనం చెప్పే అయ్యగారు ముందు యూదయ పటం గీసి, తర్వాత ‘మన దగ్గర మీరు వాన ఎట్లా పసిగడతారు’ అని జనాన్నే అడిగితే ఎంత బాగుంటుంది! చెరువు కట్ట మీద కూర్చునే పెద్దాయన నాలుగు గుర్తులు చెప్తాడు.

‘కథ తప్పైతే ఏమైంది, ఒక ఆత్మ మారితే చాలు కదా’ అనేవాళ్లున్నారు. ఇంటర్ చదివే పిల్ల బెంచీ మీద కూర్చునే ఫోనులో వెతుకుతుంది. నాసా మాట అబద్ధమని తేలాక అయ్యగారి తర్వాతి మాటను ఆ పిల్ల ఏ చెవితో వినాలి? అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ పల్పిట్‌కు వర్తించదని ఎక్కడా లేదు.

సిగ్నలే కావాలంటే నల్లగొండలో కరువా? మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నడివయసు మనిషి నవ్వితే చూడండి. పంటి మీద సుద్ద రంగు మచ్చలు, కొందరికి గోధుమ రంగు చారలు. ఫ్లోరైడు నీళ్ల గుర్తు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇక్కడి బోర్లు ఆ హద్దును చాలా ఏళ్లు దాటాయి. ఆ మచ్చ పడేది శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే చిన్నతనంలో. బయటపడేది పన్ను మొలిచాక. ఇరవై ఏళ్లు దాటాక ఈ ఊరికి కోడలిగా వచ్చినామెకు పంటి మీద ఆ మచ్చ రాదు, అవే నీళ్లు తాగినా. పిల్లలకు ఏం తాగిస్తున్నామన్న దాని మీద ప్రసంగానికి ఇంతకన్నా దగ్గరి గుర్తు ఉండదు. మనదగ్గరి సంగతే కాబట్టి ఎవరూ వెతికి తప్పు పట్టలేరు.

కాకపోతే ఒక జాగ్రత్త. అదే ఫ్లోరైడుతో నడుము వంగిపోయినవాళ్లు మన సంఘాల్లోనే కూర్చుంటారు. ‘పాపం ఎముకల్లోకి పోతే ఇట్లే’ అని వాళ్ల ఒంటిని దృష్టాంతం చేసే ప్రసంగం నేను విన్నాను. యోహాను 9లో గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ‘ఎవడు పాపము చేసెను’ అని అడిగితే, వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదన్నాడు ప్రభువు. వాళ్లు తాగింది ఊరి బోరు నీళ్లు. నీళ్ల గురించి చెప్పండి, మనిషి జోలికి పోకండి.

ఇక పోస్టు చివరి వాక్యం: ‘పది గ్రూపులకు పంపండి, నా గురించి సిగ్గుపడేవాని గురించి నేనూ సిగ్గుపడతానని ప్రభువు అన్నాడు.’ లూకా 9లో ఆ వచనం సిలువ ఎత్తుకొని వెంబడించడం గురించి మాట్లాడుతున్నచోట ఉంది. పది గ్రూపుల ప్రస్తావన ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పంపనివాళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు.