ఎగ్జిమా పిల్లలకు ఆటలు మాన్పించమన్న మహానుభావుడికి

"ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లిదండ్రులారా, ఆటలే మీ బిడ్డకు శత్రువులు" అని మొదలయ్యే మెసేజ్ ముందు మా స్కూలు తల్లుల గ్రూపులో వచ్చింది. ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి, దురదపెట్టి, పగిలే జబ్బు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. నిన్న మా పిన్ని పంపింది, కింద దండం బొమ్మతో. యూకేజీ పిల్లలకు చెప్తాను కదా, నాకు పనికొస్తుందని అందరూ నాకే పంపుతున్నారు. పనికొచ్చింది, ఇలా కూర్చుని రాయడానికి.

వంకాయ మానేయాలి, నల్లబట్టలు వేయకూడదు అన్నవి మొదటి రెండు పాయింట్లు. ఏదైనా తిండి నిజంగా పడకపోతే అది ఆ పిల్లకి మానేస్తారు గానీ, ఎగ్జిమా ఉన్న ప్రతి ఇంట్లోనూ వంకాయని వెలివేయరు. బట్టల రంగు వదిలేసి నూలుదా కాదా, మెడ దగ్గర లేబులు గీరుకుంటోందా చూసుకోండి.

మూడోదాని దగ్గరే నాకు ఒళ్లు మండింది. "తాకితే అంటుకుంటుంది. ఆటవస్తువులు వేరుగా పెట్టండి, గుంపు ఆటల్లో కలపకండి."

అంటుకోదండీ. చేతులు పట్టుకున్నా అంటుకోదు, ఒకే బ్లాకులతో ఇల్లు కట్టినా అంటుకోదు, ఒకే దుప్పటి కింద పడుకున్నా అంటుకోదు. చర్మానికి కాపు కాసే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారుచేసే జన్యువులో తేడా ఉన్నవాళ్లకి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లోనే స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు చూపించారు. జన్యువు లెగో బ్లాకు మీంచి పాకి పక్కపిల్లకి ఎక్కుతుందా? పుండు పడి, పసుపుపచ్చగా పక్కు కట్టి, రసి కారుతుంటే అది ఇన్‌ఫెక్షన్, దాని సంగతి వేరు. డాక్టరుకి చూపించి, తగ్గేదాకా ఇంట్లో ఉంచుతారు. అసలు అంటుకునే భయం ఎక్కువగా ఉండాల్సింది ఈ పిల్లలకే. పెదవి మీద జ్వరపు పొక్కులున్న పెద్దవాళ్లు వీళ్లని ముద్దు పెట్టుకుంటే ఆ పొక్కుల్లోని వైరస్ పగిలిన చర్మమంతా పాకి ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు. ఆ ముక్క మెసేజ్‌లో లేదు.

మా క్లాసులో ఒక పాప ఉంది. మణికట్ల దగ్గరా వేళ్ల సందుల్లోనూ చర్మం మందంగా, గీతలు గీతలుగా ఉంటుంది. మొన్న ఒప్పులకుప్ప ఆడిస్తుంటే, దానికి జట్టుగా వచ్చిన పిల్ల చేతులు వెనక్కి పెట్టేసుకుని తన గౌను అంచు చాపింది, ఇది పట్టుకో అని. ఐదేళ్ల పిల్లకి అలాంటి ఉపాయం దానంతటది తట్టదు. ఇంట్లో ఎవరో నేర్పారు, ఆ ఎవరికో ఇంకెవరో ఫార్వర్డ్ చేశారు. గౌను అంచు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగితే ఇద్దరూ పడతారు. పడ్డారు కూడా.

చెమట పడితే దురద పెరుగుతుందట. పెరుగుతుంది. అందుకని పిల్లని కుర్చీలో కూర్చోబెట్టేస్తామా? ఎండ దిగాక ఆడించి, రాగానే గోరువెచ్చని నీళ్లు పోసి, తువ్వాలుతో మెత్తగా అద్ది, ఆ తడి మీదే మాయిశ్చరైజర్ రాస్తే సరిపోతుంది. మెసేజ్ చెప్పిన మరిగించిన వేపాకు నీళ్లు, సున్నిపిండితో గట్టిగా రుద్దడం అనే వైద్యం, రాసినాయన తన మోకాలు చెక్కుకుపోయినప్పుడు తనమీద చేసుకుని మనకి కబురు చెప్పాలి.

స్లైమ్ ఇవ్వకండి అన్న పాయింటుకి మాత్రం నా ఓటు. అందులో బోరాక్స్ ఉంటుంది, జిగురు ఉంటుంది, చెడిపోకుండా కలిపే రసాయనాలుంటాయి. ఎగ్జిమా లేని పిల్లల చేతులు కూడా దాంతో పొక్కిన సంగతి చర్మవైద్యులు రాశారు. ఉప్పు వేసి కలిపే రంగు పిండిముద్దలు కూడా పగిలిన వేళ్లకి చురుక్కుమంటాయి. నేను క్లాసులో ఆ రెండూ తీసేసి పూసలు, చింతగింజలు పెట్టాను.

ఆటలన్నీ మాన్పించాక చివర్లో అసలు సంగతి: ఒక ఫోను యాప్ లింకు. మెదడుకి పదును పెట్టే ఆటలట, ఆడితే దురద మాయమట! ధ్యాస మళ్లితే గోకుడు తగ్గడం నిజమే. కానీ ఫోను ఆడుతున్న పిల్లని పక్కన కూర్చుని చూశారా ఎప్పుడైనా? ఒక వేలు తెర మీద, రెండో చెయ్యి మోకాలి వెనక మడతలో. ఫోనుకి ఒక చెయ్యి చాలు. పూసలు గుచ్చాలంటే రెండూ కావాలి. దురద పుట్టినప్పుడు మేం స్టాచ్యూ ఆడతాం: పిడికిళ్లు బిగించి 30 దాకా లెక్క, తర్వాత ఆ చోట గోరు తగలకుండా అరచేత్తో నొక్కడం. క్లాసంతా కలిసి లెక్కపెడుతుంది. అంకెలూ వస్తున్నాయి, పైసా ఖర్చు లేదు, లింకూ లేదు.

"క్రీములు విషం, పిల్లల చేతికి ఇవ్వకండి" అన్నది మిగిలింది. మాయిశ్చరైజర్ భేషుగ్గా ఇవ్వండి. పిల్ల కాలి మీద ముగ్గుకి పెట్టినట్టు వరసగా చుక్కలు పెట్టండి, తనే కలుపుకుంటుంది, పైనుంచి కిందికి, వెంట్రుకలు వాలిన వైపుకి. వాపు, దురద తగ్గించే స్టెరాయిడ్ మందు ట్యూబు మాత్రం ఈ ఆటలోకి రాదు, అది పెద్దవాళ్లే రాయాలి. మన చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము, వేళ్లతో సహా మన రెండు అరచేతులంత మేరకి అది చాలు. ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ అన్నది డాక్టరు చెప్తారు. స్టెరాయిడ్ అంటే భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. అడగ్గానే షాపులో ఇచ్చే మూడు నాలుగు మందుల కలగలుపు ట్యూబులు నెలల తరబడి పూసి చర్మం పలచబడ్డవాళ్లు ఎందరో. స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో పెట్టింది అందుకే. కానీ ఈ మెసేజ్‌కి జడిసి డాక్టరు రాసిన మందు సగంలో ఆపేసినవాళ్లే, వచ్చే నెల ఇదే గ్రూపులో అడుగుతారు: "మళ్లీ తిరగబెట్టింది, ఎవరికైనా మంచి ఆకుపసరు తెలుసా?" అని.