ప్లే స్టోర్ ‘డేటా సేఫ్టీ’: జవాబు తెలిసినవాడే ప్రశ్న అడుగుతున్నాడు

ప్లే స్టోర్‌లో ఏ యాప్ పేజీ తెరిచినా కాస్త కిందికి జరిపితే ‘డేటా సేఫ్టీ’ అని ఒక డబ్బా కనిపిస్తుంది. ఈ యాప్ మీ దగ్గర ఏమేం తీసుకుంటుంది, ఎవరికి ఇస్తుంది, పంపేటప్పుడు ఎన్‌క్రిప్ట్ చేస్తుందా (అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా మారుస్తుందా), తీసేయమంటే తీసేస్తుందా, ఇవన్నీ అందులో ఉంటాయి. చాలామంది అది గూగుల్ చెక్ చేసి ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుంటారు. కాదు. యాప్ చేసినవాళ్లు తమ గురించి తాము రాసుకున్న మాట అది. అందులో తప్పుంటే బాధ్యత డెవలపర్‌దేనని గూగుల్ తన హెల్ప్ పేజీల్లో రాసి మరీ పెట్టింది.

నేను అనంతపురంలో చిన్న వ్యాపారాలకు యాప్‌లు చేసిపెడుతుంటాను కాబట్టి ఈ డబ్బాని చదివే వైపు నుంచి కాకుండా నింపే వైపు నుంచి చూస్తున్నాను. ఇటు నుంచి చూస్తే తేలేది ఏంటంటే, ఆ యాప్ లోపల ఏం జరుగుతోందో గూగుల్‌కు మాకంటే బాగా తెలుసు, అయినా రాయాల్సింది మాత్రం మేమే.

ఈ పద్ధతి మొదట ఆపిల్ తెచ్చింది, 2020 డిసెంబర్‌లో. గూగుల్ 2021లో ప్రకటించి, 2022 ఏప్రిల్‌లో జనానికి చూపించడం మొదలుపెట్టి, డెవలపర్లందరూ 2022 జూలై 20 లోపు నింపాలని గడువు పెట్టింది. ఏ డేటా తీసుకోని యాప్ అయినా సరే ఫారం నింపాల్సిందే, ప్రైవసీ పాలసీ లింకు ఇవ్వాల్సిందే. ఆలోచన మంచిదే, నేను కాదనను.

ఫారం ఎట్లా ఉంటుందంటే, డేటాని 14 రకాలుగా విడగొట్టారు: లొకేషన్, పేరూ ఫోన్ నంబరూ లాంటి వివరాలు, డబ్బు లెక్కలు, ఆరోగ్యం, మెసేజ్‌లు, ఫోటోలు, కాంటాక్టులు, ఫోన్ గుర్తింపు నంబర్లు, ఇట్లా. ప్రతి దాని కింద మళ్లీ చిన్న రకాలు. టిక్ పెట్టిన ప్రతి దానికీ ఇది తీసుకుంటున్నారా, వేరేవాళ్లకు ఇస్తున్నారా, తప్పనిసరా లేక వాడేవాడి ఇష్టమా, ఎందుకు అని అడుగుతుంది. ఎందుకు అన్నదానికి 7 కారణాలు వాళ్లే ఇచ్చారు, అందులోంచి ఎంచుకోవాలి. ‘తీసుకోవడం’ అంటే ఫోన్ దాటి బయటికి పోవడం అని లెక్క. ఫోన్‌లోనే ఉండి ఫోన్‌లోనే పని ముగిస్తే చెప్పక్కర్లేదు. ఇంతవరకూ న్యాయంగానే ఉంది.

అసలు తంటా ఎక్కడొస్తుందో ఒక యాప్ తీసుకుని చూద్దాం. మా ఊరి చీనీ (బత్తాయి) మార్కెట్‌లో మండీ నడిపే ఒకాయన రోజూ ధరలు పెట్టే యాప్ కావాలన్నాడు. ఈరోజు టన్ను గరిష్ఠంగా ఎంత పలికింది, కనిష్ఠం ఎంత, ఎన్ని బండ్లు వచ్చాయి, అంతే. లాగిన్ లేదు, పేరు అడగడం లేదు, ఫోన్ నంబరు అడగడం లేదు. కింద ఒక యాడ్, పొద్దున్నే ధర రాగానే ఒక నోటిఫికేషన్. నార్పల రైతో పుట్లూరు రైతో బండి కట్టకముందే ధర చూసుకుంటాడు. ఫారం నింపేటప్పుడు ఆయన పక్కనే కూర్చున్నాడు. “ఏముందప్పా అందులో, మనం ఎవరి దగ్గరా ఏం తీసుకోవట్లేదు కదా, అన్నిటికీ నో కొట్టెయ్” అన్నాడు. ఆయన తప్పు మాట్లాడలేదు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు మరి.

కానీ “కింద యాడ్ ఉంది కదన్నా” అన్నాను. ఆ యాడ్ రావాలంటే యాప్‌లో యాడ్‌మాబ్ ఎస్‌డీకే పెట్టాలి. ఎస్‌డీకే అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్‌ని మనం తెచ్చి మన యాప్‌లో కలుపుకోవడం, మూతి కుట్టేసిన గోనెసంచి లాంటిది, లోపల ఏముందో పైనున్న చీటీ చదివి నమ్మాలి. యాడ్‌మాబ్ చీటీ తీసి చదివితే, అది తనంతట తాను తీసుకునేవి ఇవీ: ఐపీ అడ్రస్, దాన్నిబట్టి మనిషి సుమారుగా ఎక్కడున్నాడో అంచనా వేయొచ్చు, యాప్‌లో ఏం నొక్కాడన్నది, యాప్ ఎట్లా పనిచేస్తోందన్న వివరాలు, ఫోన్‌కుండే అడ్వర్టైజింగ్ ఐడీ లాంటి గుర్తింపులు. యాడ్‌ల కోసం, లెక్కల కోసం, మోసాలు పట్టుకోవడం కోసం ఇవి తీసుకోవడమే కాదు, పంచుకుంటుంది కూడా. ఐపీని బట్టి లెక్కేస్తే మన పుట్లూరు రైతు ఒక్కోసారి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు తేలుతుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు యాడ్‌మాబ్ ఎవరిది? గూగుల్‌ది. అంటే గూగుల్ తన కోడ్‌తో తాను తీసుకునే డేటా గురించి, అనంతపురంలో చీనీ కాయలు అమ్ముకునే మనిషి, తాను తీసుకుంటున్నట్టుగా గూగుల్‌కు డిక్లరేషన్ ఇవ్వాలి. ఇంకో మెలిక ఉంది. ఎవరెంతసేపు వాడారో లెక్క చూసే ఫైర్‌బేస్ అనలిటిక్స్ కూడా గూగుల్‌దే, కానీ అది మన తరఫున పనిచేసే సర్వీస్ ప్రొవైడర్ కిందకు వస్తుంది కాబట్టి అక్కడికి పోయే డేటాని ‘తీసుకున్నాం’ అంటే చాలు, ‘పంచుకున్నాం’ అని టిక్ పెట్టక్కర్లేదు. యాడ్‌మాబ్‌కు పోయేదాన్ని మాత్రం రెండూ టిక్ పెట్టాలి. ఒకే కంపెనీ, ఒకే ఫోన్, ఒకే రైతు, రెండు జవాబులు. జేఎన్‌టీయూ నుంచి నిన్నగాక మొన్న బయటికొచ్చి, పది వేలకో పదిహేను వేలకో యాప్ చేసిచ్చే కుర్రాడికి ఈ తేడా ఎవరు చెప్తారు? వాడు వేరేవాళ్ల ఫారం చూసి కాపీ కొడతాడు, ప్రైవసీ పాలసీ ఏదో జనరేటర్‌లో తీస్తాడు. వాడిని తిట్టి లాభం లేదు.

అన్నీ చెప్పాక మండీ ఆయన అడిగింది ఒకటే, “మరి యాడ్ తీసేస్తే నో కొట్టొచ్చా?” అని. అప్పుడూ కుదరదు. నోటిఫికేషన్ పోవాలంటే ఆ ఫోన్‌కు ఒక గుర్తు ఉండాలి, ఆ గుర్తు సర్వర్ దగ్గర ఉంటుంది, అది కూడా రాయాలి.

గూగుల్‌కు ఇదంతా తెలియదా అంటే, బాగా తెలుసు. ఫారంలో తక్కువ రాస్తే డెవలపర్లకు ఒక మెయిల్ వస్తుంది, ఈ పని చేసేవాళ్లలో చాలామందికి అది పరిచయమే. మీ యాప్ ఫలానా వెర్షన్‌లో ‘డివైస్ ఐడీ’ ఫోన్ దాటి పోతున్నట్టు గమనించాం, మీరు చెప్పలేదు, సరిచేసి మళ్లీ పంపండి అని ఉంటుంది. అంటే యాప్‌ని నడిపి, ఏం బయటికి పోతోందో పట్టుకునే యంత్రం వాళ్ల దగ్గర ఉంది. ఏ యాప్‌లో ఏ ఎస్‌డీకే ఉందో కూడా వాళ్లకు తెలుసు, ఎస్‌డీకే ఇండెక్స్ అని పేజీ పెట్టి మరీ నడుపుతున్నారు. అలాంటప్పుడు ఫారం ఖాళీగా ఇవ్వడం ఎందుకు? మీ యాప్‌లో ఇవి ఇవి కనిపించాయి, వీటివల్ల ఈ డేటా పోతోంది అని ముందే నింపి ఇచ్చి, తప్పనిపిస్తే కారణం రాసి దిద్దుకోమంటే సరిపోయేది కదా. అట్లా చేస్తే బాధ్యతలో సగం గూగుల్ నెత్తిన పడుతుంది. అందుకే చేయట్లేదని నా అనుమానం.

ఈ అనుమానానికి ఊతం 2022 జూలైలోనే దొరికింది. అప్పటిదాకా ప్లే స్టోర్‌లో ప్రతి యాప్‌కూ పర్మిషన్ల జాబితా ఉండేది. అది ఎవరూ రాసింది కాదు, యాప్ ఫైల్‌లోంచి యంత్రం తీసి చూపించేది. ఈ యాప్ కెమెరా అడుగుతుంది, కాంటాక్టులు అడుగుతుంది అని. డేటా సేఫ్టీ వచ్చాక ఆ జాబితాని తీసేశారు. యంత్రం చెప్పే నిజాన్ని తీసేసి మనిషి చెప్పే మాటని పెడతారా అని గొడవ లేచాక తిరిగి పెట్టారు. ఇప్పటికీ ఉంది, కానీ వెతికితే గాని కనిపించదు.

2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్లు బాగా పేరున్న 40 యాప్‌లు తీసుకుని, వాటి ప్రైవసీ పాలసీల్లో ఉన్నదానికీ ఈ డబ్బాలో రాసినదానికీ పొంతన ఉందా అని చూశారు. దాదాపు 80 శాతం యాప్‌లలో ఎక్కడో ఒకచోట తేడా కనిపించింది. కంపెనీ మొత్తానికి రాసే పాలసీని ఒక్క యాప్ లేబుల్‌తో పోల్చడం సరికాదని గూగుల్ అంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ వాటిలో పెద్ద కంపెనీల యాప్‌లు చాలానే ఉన్నాయి, లాయర్లున్న కంపెనీలు. వాళ్ల దగ్గరే ఇంత తేడా ఉంటే మా మండీ ఫారం ఎంత కరెక్టుగా ఉంటుందో ఊహించుకోండి.

ఎస్‌డీకే ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక్కటి చాలు. ముస్లిం ప్రో అని నమాజు వేళలు, కిబ్లా దిక్కు చూపించే యాప్ ఉంది, ప్రపంచంలో కోట్లమంది వాడతారు. కడపలో, కర్నూలులో ఫోన్‌లో నమాజు వేళ చూసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. ఆ యాప్‌లో కలిపిన ఎస్‌డీకే ద్వారా లొకేషన్, అలాంటి డేటా అమ్ముకునే ఎక్స్-మోడ్ అనే కంపెనీకి పోతోందనీ, అక్కడి నుంచి అమెరికా మిలిటరీ కాంట్రాక్టర్ల దాకా చేరుతోందనీ 2020 నవంబర్‌లో బయటపడింది. ముస్లిం ప్రో వెంటనే సంబంధాలు తెంచుకుంది, ఆపిల్, గూగుల్ రెండూ ఆ ఎస్‌డీకేని నిషేధించాయి. వేళ చూసుకోవడానికి లొకేషన్ కావాలి, నిజమే, ఎవరైనా ఇస్తారు. ఇచ్చినవాడికి మిలిటరీ సంగతి ఏ డబ్బా చెప్పాలి?

లోన్ యాప్‌ల సంగతి అందరికీ గుర్తే. 2020 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ యాప్‌లు కాంటాక్టులు లాక్కుని, బావకూ, మేనమామకూ, పనిచేసే చోట సారుకూ ఫోన్లు చేసి పరువు తీశాయి, ప్రాణాలు పోయాయి. అక్కడ పనిచేసింది లేబుల్ కాదు. రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్లు ముట్టుకోకూడదని 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా పర్సనల్ లోన్ యాప్‌లకు కాంటాక్టుల, ఫోటోల పర్మిషనే ఇవ్వనని రూల్ పెట్టింది. తలుపు మూసేశారు, అంతే. దాంతో మోసగాళ్లంతా మారిపోలేదులెండి, ప్లే స్టోర్ లేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టారు, చలాన్ అనీ పీఎం కిసాన్ అనీ. ప్లే స్టోర్ గడప తొక్కనివాడికి ఏ ఫారమూ లేదు.

ఫారంలో నాకు నచ్చని ఇంకో చిన్న సంగతి. లొకేషన్‌ని ‘సుమారు’, ‘కచ్చితం’ అని రెండు చేశారు, 3 చదరపు కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ చోటయితే సుమారు కింద లెక్క. బెంగళూరులో అంత చోటులో ఎన్ని వేల ఇళ్లుంటాయో, అక్కడ మనిషి దొరకడు. మన దగ్గర ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్ల కొద్దీ శెనక్కాయ చేన్లే కదా, ఆ వలయంలో పడేది ఒకే ఒక్క ఊరు. సుమారు అని రాసినా ఊరి పేరు తెలిసినట్టే.

ఇక ఈ డబ్బాకు చట్టం తోడొస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అందులో నాకు నచ్చింది భాష సంగతి. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. ప్లే స్టోర్ డబ్బా నింపితే ఈ చట్టం పని అయిపోయినట్టు కాదు, అది వేరు, ఇది వేరు. జరిమానా 250 కోట్ల వరకూ పెట్టారు, అంత మొత్తం మండీల మీద ఎవరూ వేయరు గానీ, అడిగేది మాత్రం యాప్ చేసిన కుర్రాడిని కాదు, యాప్ ఎవరి వ్యాపారానిదో వాళ్లని.

మా దగ్గర యాప్ చేయించుకున్న కోచింగ్ సెంటర్లు, విత్తనాల షాపులు, ఆస్పత్రులు చాలావాటికి ప్లే కన్సోల్ అకౌంట్, అంటే ప్లే స్టోర్‌లో యాప్ పెట్టే అకౌంట్, వాళ్ల పేరు మీద లేదు. చేసిన కుర్రాడి జీమెయిల్ మీద ఉంటుంది, వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయి ఉంటాడు. ఫారంలో ఏం రాశాడో ఓనర్‌కు తెలియదు, మార్చాలన్నా లాగిన్ లేదు, గూగుల్ పంపే మెయిల్ బెంగళూరులో ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడుతుంది. కాబట్టి రూల్స్ గురించి లాయర్‌ని అడిగే ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేసి, యాప్‌ని మీ అకౌంట్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. దానికి ప్లే కన్సోల్‌లో పద్ధతి ఉంది.