ఇంకా ఆగమంటున్న సీసా గారికి

మహారాజశ్రీ 2010 సంవత్సరపు క్రూ క్లాసే, అనగా తరగతి దక్కిన తోట, ఎర్ర వైన్ సీసా గారికి, ఫ్రాన్సులోని బోర్దో నగరం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో ఒకరి కుశలం మొన్న ఆదివారం రాత్రి భోజనాల దగ్గర కాస్త దెబ్బతిన్నది.

మీ వంశగౌరవంతో నాకు పేచీ లేదు. 1855లో మూడో నెపోలియన్ పారిస్‌లో ప్రదర్శన పెడుతున్నాడని బోర్దో వైన్ దళారులు ధరలు ముందు వేసుకుని కూర్చున్నారు. మెడోక్ ప్రాంతపు ద్రాక్షతోటలను, పక్కనున్న గ్రావ్ ప్రాంతం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఓ-బ్రియోన్ తోటను కలిపి, అయిదు తరగతులుగా విడదీశారు. మీది అయిదో తరగతి. తోట చేతులు మారినా, పక్క పొలం కలిసినా మీ తరగతి మారదు. రెండు నుంచి ఒకటికి ఎక్కినది మూతోన్ రోత్‌షీల్డ్ తోట ఒక్కటే, అదీ 1973లో. మా ఊళ్లో పది తప్పినవాడికి కూడా అంతకంటే ముందే సప్లిమెంటరీ పెడతారు.

నా బాధల్లా ఆ ఒక్క మాటతోనే. ఆగండి.

2013లో ఆరు సీసాల చెక్కపెట్టె కొన్నప్పుడు అమ్మినాయన పదేళ్లు ఆగమన్నాడు. 2015లో ఆగలేక ఒకటి తీశాను. పచ్చి అరటికాయ కొరికినట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. దీన్ని చెప్పడానికి ఇక్కడివాళ్లు పట్టు, మఖమల్ అంటూ బట్టల కొట్టు తెరుస్తారు; వగరు అంటే సరిపోయేది. 2018లో అసలు వాసనే లేదు. ఈ వయసులో ముడుచుకుంటుంది, ఆగండి అన్నారు. 2021లో బిరడా తీయగానే గదంతా తడిసిన అట్టపెట్టె వాసన. బిరడాకు టీసీఏ అనే కంపు రసాయనం పట్టిందట. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలట. అదంతా సింకులో పోస్తుంటే మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇక మొన్న. మడ్డి అడుక్కు దిగాలని మిమ్మల్ని శుక్రవారమే నేలమాళిగలో నిలబెట్టి వచ్చాను. ఏళ్లు గడిచే కొద్దీ వగరూ రంగూ ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి అలా దిగుతాయి. దిగాయి, కాదనను. కొవ్వొత్తి ముందు మీ మెడ పట్టుకుని సన్నధారగా కూజాలోకి వంపి, నల్లటి గీత కనిపించగానే చేయి ఆపాను. తెల్లగుడ్డ మీద గ్లాసు వంచి చూస్తే నడుమ నేరేడుపండు, అంచున అప్పుడే తొంగిచూస్తున్న ఇటుక రంగు. ఆ అంచును చూసే, ఇక పక్వానికి వచ్చిందనుకుని మోసపోయాను.

రిటైరైన మా పాత మేనేజరు గారు గ్లాసు తిప్పారు, ముక్కు పెట్టారు, నోట్లో పోసుకుని గాలి పీల్చారు. మేమంతా పెళ్లిచూపుల్లో పిల్ల తరఫువాళ్లలా కూర్చున్నాం.

"గొప్ప సంవత్సరం," అన్నారాయన. "ఇంకో అయిదేళ్లు ఆగి ఉంటే..."

ఇంకో అయిదేళ్లా? ఎంత పొగరు నీకు! నీకోసం నేను కూరలో కారం తగ్గించాను. గుంటూరువాణ్ని, కారం తగ్గించాను! కారం తగిలితే నీ వగరు రేగుతుందని వేటకూరను పథ్యం వంటలా వండిపెట్టాను. మా ఆవిడ ఒక ముద్ద తిని, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదాండీ?" అని అడిగింది. మా అమ్మ ఆవకాయ మూడోనాడు తిరగకలిపితే నాలుగోనాడు అన్నంలోకి వచ్చేది. ఆగమని ఎవరినీ అడగలేదు, తరగతీ అడగలేదు. నువ్వు పన్నెండేళ్లు అద్దె కట్టకుండా చల్లగా పడుకుని, తీరా నలుగురిలో లేపితే మొహం తిప్పుకుంటావా?

పన్నెండు దాటాక అతిథులు వెళ్లిపోయారు. కూజా కడగబోతే అడుగున రెండు గుక్కలు మిగిలి ఉన్నాయి. అలవాటుకొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

దేవదారు పెట్టె. పొగాకు. వాన వెలిసిన తోటలో తడిమట్టి, దాని వెనక ఎక్కడో నేరేడు. వగరు ఉంది, కానీ నాలుకను బిగించకుండా మెల్లగా విడిచిపెట్టింది. గ్లాసులన్నీ తోమేసి ఉన్నాయి కనుక స్టీలు గ్లాసులోనే పోసుకుని, సింకు దగ్గర నిలబడి తాగాను. "ఏమిటండీ అక్కడ?" అని మా ఆవిడ పిలిస్తే, ఏమీ లేదన్నాను.

ఇంకా రెండు సీసాలున్నాయి. పెట్టె మీద బొగ్గుతో 2030 అని రాసి వచ్చాను. ఈసారి మాత్రం కారం తగ్గించేది లేదు.

ఇట్లు,
నేలమాళిగ యజమాని