పెన్సిలిన్ గోడను కరిగించదు
పెన్సిలిన్ బ్యాక్టీరియా కణకవచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే గోడను, కరిగించేస్తుందని ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదు. కవచమంటే చక్కెర గొలుసులు, వాటిని అడ్డంగా కలిపే పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) ముక్కలు. ఆ ముక్కలను కలుపుతూ చివరి ముడి వేసే ట్రాన్స్‌పెప్టిడేజ్ ఎంజైముకు పెన్సిలిన్ అతుక్కుని ఇక వదలదు. పాత గోడను కోసే ఎంజైములు మాత్రం తమ పని ఆపవు. కోత సాగుతూ కుట్టు ఆగిపోతే లోపలి పీడనానికి కణం పగులుతుంది. అందుకే పెరుగుతున్న బ్యాక్టీరియా మీదే ఇది బాగా పనిచేస్తుంది; పెరుగుదలను ఆపే టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను కలిపి ఇస్తే దీని బలం తగ్గొచ్చు. మన కనిగిరి, ఉదయగిరి మెట్టల్లో మేకలు పెంచేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. మేకల్లో దగ్గు, జ్వరం, ఆయాసంతో వచ్చే సీసీపీపీ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధికి కారణం మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా. దానికి కణకవచమే లేదు. అందుకే పెన్సిలిన్ సూది ఎన్ని రోజులు వేసినా ఫలితం ఉండదు, ఈలోగా జబ్బు మేకల మంద మొత్తానికీ పాకుతుంది. ఆక్సిటెట్రాసైక్లిన్, టైలోసిన్ లాంటివి ప్రోటీన్ తయారీని అడ్డుకుంటాయి కాబట్టి అక్కడ అవి పనికొస్తాయి. మోతాదు మాత్రం మేక బరువు చూసి పశువుల డాక్టరే చెప్పాలి.